పది చుట్లు

రాసేది ఆర్హూస్, పలికేది ఓర్హూస్.
రైలు దిగిన గంటలోపే ఊరి పేరు
మూడుసార్లు దిద్దించుకున్నాను.
గది తాళం చేతిలో పెడుతూ ఎల్లినోర్
నోట్లో వేడి బంగాళాదుంప తిప్పుతున్నట్టు మరోసారి అని
"పర్లేదు, స్వీడన్ వాళ్ళకీ రాదు" అంది.

నడిచే దారేదో సైకిల్ దారేదో తెలిసేలోపు
నా వెనక నాలుగు బెల్లులు, ఒక విసుగు.
కూడలిలో ఆకుపచ్చ దీపంలోంచి
డాలూ గొడ్డలీ పట్టిన వైకింగు మనిషి
దాటమన్నాడు.
దాటాను. గొడ్డలి పట్టుకున్నవాడితో వాదమేమిటి.

కాఫీ కొట్టు బయట
పక్కన ఎవరూ లేని పసిపిల్ల బండి.
దుప్పటంచు కింద బఠాణీ గింజంత ముక్కు,
సన్నటి జల్లు, చలిగాలి, గాఢ నిద్ర.
అయిదు నిమిషాలు కాపలా కాశాను,
ఎవరూ అడగని కాపలా.
అద్దం అవతల కప్పు దించి
తల్లి నాకేసి చెయ్యి ఊపింది.
అనుమానం లేని ఆ చెయ్యిని
ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
సాయంత్రం దాకా మోశాను.

ఊరి నడుమ ఏరు.
ఒకప్పుడు మూతపెట్టి పైన రోడ్డేశారట,
తర్వాత మనసు మార్చుకుని మూత తీశారట.
మెట్లమీద కూచున్న కుర్రాడు ఆస్గర్ అన్నాడు:
"మా తాత దీని మీద కారు నడిపాడు.
నేను దీని పక్కన సీసా ఖాళీ చేస్తున్నాను.
అభివృద్ధి అంటే ఇదే."

మర్నాడు విశ్వవిద్యాలయం చెరువులో పడవల పందెం.
పసుపు ఇటుకల గోడలు, వాటిని పాకిన తీగలు,
పచ్చిక వాలంతా జనం.
తెల్లారకముందే దుప్పట్లు పరిచి చోటు పట్టారు.
దంతవైద్యం వాళ్ళు జ్ఞానదంతం వేషంలో,
చట్టం చదివేవాళ్ళు దాదాపు ఏ వేషమూ లేకుండా.
గాలి పడవెక్కి చెరువు దాటాలి,
బీరు గటగటా తాగాలి,
నిలబెట్టిన సీసా మీద నుదురు ఆన్చి
పదిసార్లు గిర్రున తిరగాలి,
మళ్ళీ పడవ దాకా పరిగెత్తాలి.
పరిగెడతారు కూడా,
చెట్టువైపు, బాతులవైపు, రిఫరీ ఒళ్ళోకి.

ఇరవై ఆరేళ్ళు పరీక్ష హాళ్ళలో
మెడ తిప్పినవాళ్ళ నంబర్లు రాసుకున్నదాన్ని.
విశ్వవిద్యాలయమంటే నాకు
ఫ్యాను చప్పుడూ, అదనపు కాగితం అడిగే చెయ్యీ.
పక్కన రౌన్‌హిల్, భూగర్భశాస్త్రం, రెండో ఏడు,
చెంపలమీద నీలిరంగు చారలు,
అడక్కుండానే తన దుప్పట్లో సగం ఇచ్చింది.
"మీ దగ్గర లేదా ఇలాంటిది?"
ఒప్పులకుప్ప గుర్తొచ్చింది.
చేతులు పెనవేసి, వెనక్కి వాలి,
రెండు జడలు గాల్లోకి లేచి...
చెప్పబోయాను. తూము తెరిచినట్టు జనం అరిచారు.
జ్ఞానదంతం నీళ్ళలో పడింది.

రాత్రి తొమ్మిదైనా ఇంకా ఆరని వెలుతురు.
మళ్ళీ వెళ్ళాను చెరువుకి.
నలిగిన పచ్చిక, ఒంటి చెప్పు,
గట్టున ఒక సీసా, నిటారుగా, నాకోసమే అన్నట్టు.
అటూ ఇటూ చూసి
కోటు గుండీలు విప్పి, నడుం వంచి
నుదురు ఆన్చాను. చల్లటి గాజు.
ఒకటి. రెండు.
ఇటుకలన్నీ ఒక్క పసుపు గీతయ్యాయి.
నాలుగు. ఎవరివో రెండు జడలు.
ఏడుకి కూలబడ్డాను, ఆకాశం ఆగలేదు.

అది ఆగేసరికి ఎదురుగా
నీలం సంచి భుజాన వేసుకుని ఒక ముసలాయన.
ఖాళీ సీసాలు ఏరి దుకాణంలో ఇచ్చి
చిల్లర తెచ్చుకునే మనిషి.
నా సీసా కోసం ఎంతసేపటినుంచి నిలబడ్డాడో.
సిగ్గుపడి అందించబోయాను.
తీసుకోలేదు.
మూడు వేళ్ళు చూపించాడు.